గ్రనాడా బాప్తిస్మ ఫలకాలు: గెలిచినవారు చెక్కినది, ఓడినవారు చెప్పినది

స్పెయిన్ దేశపు దక్షిణ భాగాన ఉన్న గ్రనాడా నగరంలో, ఒకప్పటి జుమా మస్జిద్ స్థలానికి ఆనుకొని ఒక రాజసమాధి మందిరం ఉన్నది. రాణి ఇసబెల్లా, ఆమె భర్త రాజు ఫెర్డినాండు అక్కడే సమాధి చేయబడ్డారు. ఆ మందిరంలోని బలిపీఠం వెనుక ఎత్తుగా నిలబెట్టిన చెక్కపని ఒకటి కనబడుతుంది. బర్గండీ ప్రాంతం నుండి వచ్చి స్పెయిన్‌లో స్థిరపడిన ఫెలిపే బిగర్నీ అనే శిల్పి 1520 - 1522 మధ్య దానిని తయారుచేశాడు. పై వరుసలలో క్రైస్తవ ధర్మగాథలు ఉన్నాయి. అన్నిటికంటె కింది వరుసలో మాత్రం ధర్మగాథ కాక సమీప చరిత్ర చెక్కబడింది. నాలుగు చిన్న ఫలకాలు. రెండింటిలో గ్రనాడా లొంగుబాటు: రాణి, రాజు, కార్డినల్ వాహనాలెక్కి రాగా, ఓడిపోయిన సుల్తాన్ కాలినడకన వచ్చి కోట తాళపుచెవులు అప్పగిస్తున్నాడు. మిగిలిన రెండింటిలో ముస్లింల బాప్తిస్మం: ఒక ఫలకంలో పురుషులు, ఇంకొక ఫలకంలో స్త్రీలు. క్రైస్తవ సన్యాసులు నీళ్లు పోస్తున్నారు. జనం గుంపుగా వరుసకట్టి వస్తున్నారు. స్త్రీలు తల నుండి కిందివరకు దుప్పటి కప్పుకొని ఉన్నారు.

ఒక జాతి మతం మారిన దృశ్యాన్ని చూపే చిత్రాలలో ఇంతటి ప్రసిద్ధి పొందినవి తక్కువ. అందలుస్ చరిత్రను గూర్చిన గ్రంథాలలో ఈ ఫలకాల ఫోటోలు తరచుగా అచ్చవుతుంటాయి. అయితే చిత్రం కూడా ఒక సాక్షియే. సాక్షి ఎవరి పక్షాన నిలబడి మాట్లాడుతున్నాడు, ఏది చెప్పాడు, ఏది చెప్పకుండా దాటవేశాడు అన్నది విచారించనిదే ఆ సాక్ష్యం విలువ తేలదు. గ్రనాడా ఫలకాలను ఆ విధంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒడంబడికలో ఏమున్నది?

1491 నవంబరు 25న గ్రనాడా చివరి సుల్తాన్ అబూ అబ్దుల్లాకు, స్పెయిన్ రాజదంపతులకు మధ్య లొంగుబాటు షరతులు కుదిరాయి. 1492 జనవరి 2న (హిజ్రీ 897) నగరం అప్పగించబడింది. అందలుస్‌లో సుమారు 780 ఏండ్ల ముస్లిం పాలన దానితో అంతమయింది.

ఆ ఒడంబడిక ఉదారమైనదే. ముస్లింలు తమ ధర్మం ప్రకారం జీవించవచ్చు. మస్జిదులు, వాటి వక్ఫ్ ఆస్తులు వారి ఆధీనంలోనే ఉంటాయి. వారి తగాదాలు షరీఅత్ ప్రకారం వారి ఖాజీలే తీరుస్తారు. ఎవరినీ బలవంతాన క్రైస్తవ మతంలోకి చేర్చరాదు. వలస పోదలచినవారు ఆస్తులమ్ముకొని ఆఫ్రికా తీరానికి వెళ్లవచ్చు. ఈ షరతులు రాజముద్రలతో ధ్రువపరచబడ్డాయి. తాము మాత్రమే కాదు, తమ వారసులు కూడా వీటికి బద్ధులై ఉంటారని రాజదంపతులు మాట ఇచ్చారు. ఆ మాట ఎనిమిదేండ్లయినా నిలువలేదు.

ఇద్దరు ఆర్చిబిషప్పులు

గ్రనాడాకు మొదటి ఆర్చిబిషప్‌గా నియమితుడైన ఎర్నాండో దె తలవెరా వృద్ధుడు, నెమ్మదిపరుడు. బోధ ద్వారా, తన నడవడి ద్వారా ముస్లింలను తన మతం వైపు ఆకర్షించవచ్చునని ఆయన నమ్మాడు. తన పురోహితులను అరబ్బీ నేర్చుకొమ్మన్నాడు, తానూ కొంత నేర్చుకున్నాడు. ఆయన ప్రోత్సాహంతో పెద్రో దె అల్కలా అనే సన్యాసి గ్రనాడా ప్రజల అరబ్బీకి వ్యాకరణం, నిఘంటువు కూర్చగా అవి 1505లో అచ్చయ్యాయి. నగర ముస్లింలు ఆయనను 'పుణ్యాత్ముడైన ఫకీహ్' అని పిలిచేవారని స్పెయిన్ రచయితలే రాశారు. అయితే ఈ పద్ధతిలో మతం మారినవారి సంఖ్య స్వల్పమే.

1499 చివరలో తొలేదో ఆర్చిబిషప్ సిస్నెరోస్ గ్రనాడాకు వచ్చాడు. ఆయనకు ఓపిక లేదు. మొదట పెద్దలకు కానుకలిచ్చాడు. లొంగనివారిని చెరలో పెట్టాడు. నగర ప్రముఖుడొకడు చెరసాలలో పెట్టిన బాధలు తాళలేక బాప్తిస్మానికి ఒప్పుకున్న సంగతిని సిస్నెరోస్ జీవితచరిత్ర రాసినవారే దాచకుండా, పైపెచ్చు మెచ్చుకోలుగా వర్ణించారు. క్రైస్తవులుగా పుట్టి ఇస్లాం స్వీకరించినవారిని, వారి సంతానాన్ని తిరిగి చర్చిలోకి తేవడం తన హక్కు అంటూ సిస్నెరోస్ ఇండ్లలోకి మనుషులను పంపాడు. వీరి విషయంలో కూడా ఒడంబడిక రక్షణ ఇచ్చింది. ఒక యువతిని అట్లా పట్టుకుపోతున్నప్పుడు అల్‌బైసీన్ పేటలో జనం తిరగబడ్డారు. 1499 డిసెంబరులో జరిగిన ఈ తిరుగుబాటును అణచివేసిన మీదట ప్రభుత్వం ఒక కొత్త వాదన తెచ్చింది: ముస్లింలే తిరగబడ్డారు కనుక ఒడంబడిక రద్దయింది, శిక్ష తప్పించుకోవాలంటే బాప్తిస్మం పొందాలి.

తరువాత జరిగినదే చెక్కఫలకంలోని దృశ్యం. వేల సంఖ్యలో జనాన్ని పోగుచేశారు. ఒక్కొక్కరికి వేరుగా బాప్తిస్మమిచ్చే వ్యవధి లేక, గుంపు మీద నీళ్లు చిలకరించారు. మత సిద్ధాంతం బోధించడం, పరీక్షించడం వంటి పూర్వాంగాలేవీ లేవు. బాబ్ అల్-రమ్లా మైదానంలో అరబ్బీ గ్రంథాలను రాశులుగా పోసి తగులబెట్టారు. వైద్యగ్రంథాలు మాత్రం వేరుచేసి అల్కలాలోని విశ్వవిద్యాలయానికి పంపారు. అల్‌పుహర్రా కొండలలో చెలరేగిన తిరుగుబాటు 1501లో అణగారింది. 1502 ఫిబ్రవరిలో కస్తీలియా రాజ్యమంతటికీ శాసనం వెలువడింది: బాప్తిస్మమో, దేశత్యాగమో ఏదో ఒకటి. నాటినుండి ఈ ప్రజలకు 'మొరిస్కోలు' అని పేరు పడింది.

ఫలకాలను తిరిగి చూస్తే

ఈ నేపథ్యం తెలిసిన తరువాత బిగర్నీ ఫలకాలను మరొకసారి చూడాలి. బాప్తిస్మ దృశ్యంలో ఖడ్గం లేదు, చెరసాల లేదు, మండుతున్న పుస్తకాలు లేవు. జనం తమంత తామే వచ్చినట్లున్నది. అవి చెక్కబడినది సంఘటన జరిగిన ఇరవై ఏండ్లకు. చెక్కించినది రాజవంశం. ఉంచినది రాజదంపతుల సమాధి ఎదుట. అందుచేత వారి పాలన సాధించిన ఘనకార్యంగానే మతమార్పిడి అక్కడ ప్రదర్శింపబడింది.

అయినా శిల్పి చేయి రెండు విషయాలను దాచలేకపోయింది. మొదటిది, ఫలకాల పొందిక. తాళపుచెవుల అప్పగింత, దాని సరసనే బాప్తిస్మం. ఒకటి కారణం, రెండవది దాని ఫలితం అన్నట్లు అవి అమరాయి. ఒడంబడికకు భిన్నంగా, ఊరితోపాటు ఊరివారి ఆత్మలు కూడా అప్పగించబడినట్లు ఆ వరుస చెబుతున్నది. రెండవది, స్త్రీల దుస్తులు. బాప్తిస్మం పొందుతున్న క్షణంలో కూడా వారు తమ పాత ముసుగులోనే ఉన్నారు.

ఆ ముసుగు ఎంతకాలం నిలిచిందో చెప్పే మరొక చిత్రసాక్ష్యం ఉన్నది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన క్రిస్టోఫ్ వైడిట్స్ అనే కళాకారుడు 1529 ప్రాంతంలో స్పెయిన్‌లో పర్యటించి, వివిధ ప్రజల వేషధారణను కాగితంపై గీసి రంగులు వేశాడు. ఆ పుస్తకం ఇప్పుడు న్యూరెంబర్గ్ మ్యూజియంలో ఉన్నది. అందులో గ్రనాడా మొరిస్కో స్త్రీలు ఇల్లు ఊడుస్తూ, నూలు వడుకుతూ, ముఖం కప్పుకొని వీధిలో నడుస్తూ కనబడతారు. సామూహిక బాప్తిస్మం జరిగి అప్పటికి దాదాపు 30 ఏండ్లు. వైడిట్స్‌కు ఏ పక్షాన్నీ సమర్థించవలసిన పని లేదు. బాటసారిగా చూచినది చూచినట్లు గీశాడు. చర్చి రిజిస్టరులో పేర్లు మారాయి గాని ఇంటి జీవితం మారలేదని ఆయన బొమ్మలు తెలుపుతున్నాయి.

ఓడినవారి సాక్ష్యం

నీళ్ల కింద తల వంచినవారు ఏమనుకున్నారు? వారి మాట కూడా అదృష్టవశాత్తు కొంత మిగిలింది. 1501 ప్రాంతంలో గ్రనాడా ముస్లింలు ఉస్మానియా సుల్తాన్ రెండవ బాయజీద్‌కు ఒక అరబ్బీ పద్యలేఖ పంపారు. పదిహేడవ శతాబ్దపు చరిత్రకారుడు అల్-మక్కరీ దానిని తన గ్రంథంలో భద్రపరచాడు. ఒడంబడిక ఎట్లా భంగమయిందో, గ్రంథాలెట్లా కాల్చారో, పేర్లెట్లా మార్చారో వారందులో మొరపెట్టుకున్నారు. ఈజిప్టు సుల్తాన్ దూతలు వచ్చి విచారించినప్పుడు, వీరంతా ఇష్టపూర్వకంగానే క్రైస్తవులయ్యారని స్పెయిన్ పాలకులు జవాబిచ్చారనీ, అది అబద్ధమనీ, చావు భయమే తమను మార్చిందనీ వారు స్పష్టం చేశారు.

ఇది గమనింపదగిన విషయం. స్పెయిన్ ప్రభుత్వం 1501లో పీటర్ మార్టిర్ అనే పండితుని రాయబారిగా కైరోకు పంపింది. ముస్లింలపై బలప్రయోగం జరుగలేదని సుల్తాన్‌కు నచ్చజెప్పడం ఆ రాయబారపు పనులలో ఒకటి. రాయబారి నోటితో చెప్పిన మాటనే ఇరవై ఏండ్ల తరువాత శిల్పి చెక్కపై చెప్పాడు. దానికి ఖండన మాత్రం ఫలకం పుట్టకమునుపే, పద్యలేఖ రూపంలో నమోదయి ఉన్నది.

రెండు ఫత్వాలు

బలవంతాన బాప్తిస్మం పొందినవారి ధార్మిక స్థితి ఏమిటన్న ప్రశ్న ఉలమాను కలతపెట్టింది. ఫెజ్ నగరపు గొప్ప ఫకీహ్ అల్-వన్షరీసీ (మరణం 1508) గ్రనాడా పతనానికి ముందే, 1491లో, కఠినమైన ఫత్వా ఇచ్చాడు. క్రైస్తవ పాలనలో ఉండిపోవడం తగదు, శక్తి ఉన్న ప్రతి ముస్లిం హిజ్రత్ చేయవలసిందే అన్నది దాని సారాంశం. అధర్మపు ఒత్తిడి కింద విశ్వాసం తరతరానికి సన్నగిల్లుతుందన్న ఆయన భయం అకారణం కాదు.

కాని హిజ్రత్‌కు ఓడలు కావాలి, డబ్బు కావాలి, అనుమతి కావాలి. అవేవీ లేని లక్షలాదిమంది గతి ఏమిటి? 1504లో (హిజ్రీ 910) ఒరాన్ మూలంగల ముఫ్తీ అహ్మద్ బిన్ అబీ జుమా ఈ ప్రశ్నకు జవాబు రాశాడు. ఆయన వారిని తప్పుపట్టలేదు, ఓదార్చాడు. నమాజ్ బహిరంగంగా వీలుకాకపోతే సైగతోనైనా చేయవచ్చు. వుజూకు నీరు దొరకనీయకపోతే గోడను, చెట్టును చేత్తో తాకవచ్చు. జకాత్‌ను బిచ్చగానికి దానమిచ్చినట్లు ఇవ్వవచ్చు. విగ్రహం ముందు వంగమంటే వంగినా, హృదయంలో సంకల్పం అల్లాహ్ వైపే ఉండాలి. నిషిద్ధమైన దానిని తినమని, తాగమని నిర్బంధిస్తే మనసులో దానిని నిషిద్ధమనే ఎంచాలి.

దీనికి ఆధారం దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. హృదయం విశ్వాసంపై నిలకడగా ఉండగా కేవలం నిర్బంధం వల్ల నోట అవిశ్వాసపు మాట పలికినవారికి అన్నహ్ల్ సూరా 106వ ఆయత్ మినహాయింపు నిచ్చింది. మక్కా ముష్రికుల చిత్రహింసకు గురైన హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి) ఉదంతాన్ని వ్యాఖ్యాతలు ఈ సందర్భంలోనే పేర్కొంటారు. ఈ ఫత్వాను మొరిస్కోలు స్పానిష్ భాషలోకి మార్చి, అరబ్బీ లిపిలో నకళ్లు రాసుకొని, తరతరాలు దాచుకున్నారు.

నిర్బంధ బాప్తిస్మం చెల్లుతుందా?

ఇదే ప్రశ్న క్రైస్తవ పండితుల ముందుకు కూడా వచ్చింది. 1521లో వలెన్సియాలో ప్రభువులపై తిరుగుబాటు చేసిన కార్మిక సంఘాలవారు ప్రభువుల భూములలో పనిచేసే ముస్లింలను పట్టి, చంపుతామని బెదిరించి బాప్తిస్మం ఇప్పించారు. గాందియాలో చీపుళ్లు, కొమ్మలు కాలువ నీటిలో ముంచి జనంపై చిలకరించారని నాటి కథనం. తిరుగుబాటు అణగిన తరువాత ఆ ముస్లింలు తమ మస్జిదులకు మళ్లారు. వారు క్రైస్తవులా, కారా?

చక్రవర్తి ఐదవ చార్లెస్ 1525లో మాడ్రిడ్‌లో ఒక పండిత సభను సమావేశపరచాడు. చావుకన్న బాప్తిస్మాన్ని వారు ఎంచుకున్నారు, ఎంపిక ఉన్నది గనుక ఇచ్ఛ ఉన్నట్లే, కాబట్టి బాప్తిస్మం చెల్లుతుంది అని ఆ సభ తేల్చింది. కాళ్లు చేతులు కట్టి, గట్టిగా వద్దని అరుస్తున్నవాడికి నీళ్లు పోస్తేనే అది చెల్లదు. బెదిరింపుకు లొంగితే చెల్లుతుంది. ఈ విభేదం పదమూడవ శతాబ్ది ఆరంభం నుండి చర్చి న్యాయశాస్త్రంలో ఉన్నదే. మరుసటి సంవత్సరానికల్లా వలెన్సియా, అరగోన్ ముస్లింలందరికీ బాప్తిస్మమో, దేశత్యాగమో అన్న శాసనం వర్తించింది.

ఈ తీర్పులోని ఉచ్చు ఎంత లోతైనదో గ్రహించాలి. ఇన్క్విజిషన్ అనే మత విచారణ సంస్థకు అధికారం బాప్తిస్మం పొందినవారిపైననే. ముస్లింగా ఉన్న ముస్లింను అది మతద్రోహిగా విచారించలేదు. బాప్తిస్మం చెల్లుతుందని తేలిన మరుక్షణం, అదే మనిషి నమాజ్ చేస్తే మతద్రోహి, రోజా ఉంటే మతద్రోహి. 1526లో ఇన్క్విజిషన్ న్యాయస్థానం గ్రనాడాలో నెలకొల్పబడింది. ఫలకంలో పోస్తున్న నీరు రక్షణ జలంగా చూపబడింది. వాస్తవంలో అది ఆ ప్రజలను న్యాయస్థానపు బోనులోకి చేర్చిన నీరు.

చివరి చిత్రం

1567లో రెండవ ఫిలిప్ శాసనం అరబ్బీ భాషను, పాత దుస్తులను, స్త్రీల ముసుగును, హమ్మాములను, అరబ్బీ పేర్లను నిషేధించింది. ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలై అనే వృద్ధ మొరిస్కో పెద్ద అధికారులకు ఒక విజ్ఞప్తి సమర్పించాడు. వేషం, భాష మతం కావు, సిరియా, ఈజిప్టు క్రైస్తవులు అరబ్బీయే మాట్లాడుతున్నారు, వారు క్రైస్తవులు కారా అని ఆయన వాదించాడు. ఆ వాదన అరణ్యరోదనమయింది. 1568 డిసెంబరులో మొదలైన తిరుగుబాటు రెండేండ్లకు పైగా సాగింది. రెండు పక్షాలా దారుణాలు జరిగాయి. తరువాత సుమారు 80 వేలమంది గ్రనాడా మొరిస్కోలను స్వస్థలాల నుండి పెళ్లగించి కస్తీలియా అంతటా చెదరగొట్టారు. 1609 - 1614 మధ్య మూడవ ఫిలిప్ మొరిస్కోలను దేశం నుండే వెళ్లగొట్టాడు. దాదాపు మూడు లక్షలమంది మొరాకో, అల్జీరియా, ట్యునీషియా తీరాలకు చేరారు. ట్యునీషియాలోని టెస్టూర్ పట్టణం వారు కట్టుకున్నదే.

ఈ ఘట్టానికీ చిత్రం ఉన్నది. 1627లో రాజాస్థానంలో ఈ బహిష్కరణపైనే చిత్రకళా పోటీ జరిగింది. గెలిచిన వెలాస్కెజ్ చిత్రం 1734లో రాజప్రాసాదపు అగ్నిప్రమాదంలో నశించింది. ఓడిన విసెంతె కార్దుచో కాగితంపై గీసిన సన్నాహ చిత్రం మాత్రం మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో నేటికీ ఉన్నది. సైనికులు తరుముతుండగా స్త్రీలు, పురుషులు దుఃఖిస్తూ సముద్రతీరానికి నడుస్తున్న దృశ్యమది.

బిగర్నీ ఫలకాన్ని, కార్దుచో రేఖాచిత్రాన్ని పక్కపక్కన పెడితే ఒక ప్రశ్న తప్పదు. మొదటి చిత్రం వీరు క్రైస్తవులయ్యారని చాటుతున్నది. రెండవది, వారి మునిమనుమలు క్రైస్తవులు కారంటూ వెళ్లగొట్టబడటాన్ని కీర్తిస్తున్నది. మొదటిది నిజమైతే రెండవది స్వధర్మీయులకు చేసిన అన్యాయం. రెండవది న్యాయమైతే మొదటిది ప్రదర్శన మాత్రమే. రెండూ ఒకే రాజ్యం గర్వంగా చెప్పుకున్న విజయాలు కావడమే విచిత్రం. వెళ్లగొట్టబడినవారిలో నిజంగా క్రైస్తవ విశ్వాసం పాటించినవారు కూడా ఉన్నారు. వారికి ఇటు స్పెయిన్‌లో చోటు లేకపోయింది, అటు ఆఫ్రికా తీరంలో అనుమానం ఎదురయింది.

గుణపాఠం

ఈ చరిత్రను ఒక మతస్థులపై ద్వేషానికి వాడుకోవడం అన్యాయం. తలవెరా కూడా క్రైస్తవుడే. ఆయన తన వృద్ధాప్యంలో ఇన్క్విజిషన్ నిందలకు గురై 1507లో కన్నుమూశాడు. అదే అందలుస్ గడ్డపై పన్నెండవ శతాబ్దంలో అల్-మువహ్హిద్ పాలకులు యూదులను, క్రైస్తవులను ఇస్లాంలోకి నిర్బంధించిన సంగతి కూడా చరిత్రలోనిదే. ఖుర్తుబాలో పుట్టిన మహా పండితుడు మూసా బిన్ మైమూన్ కుటుంబం ఆ కారణంగానే ఇల్లు విడిచింది. ఆయన చివరకు అయ్యూబీల ఈజిప్టులో గౌరవప్రదమైన ఆశ్రయం పొందాడు. ధర్మం విషయంలో బలవంతం లేదన్న దైవాజ్ఞ (అల్-బఖరా, 256) ముస్లిం పాలకులకు కూడా వర్తిస్తుంది. నిజానికి మొట్టమొదట వారికే వర్తిస్తుంది.

1884లో అరగోన్ ప్రాంతపు అల్మొనాసిద్ దె లా సియెర్రా గ్రామంలో ఒక పాత ఇల్లు పడగొడుతుండగా, దొంగ అటకలో దాచిన రాతప్రతులు బయటపడ్డాయి. భాష స్పానిష్, లిపి అరబ్బీ, విషయం ఇస్లాం. 1609 తరువాత వెళ్లిపోవలసి వచ్చినవారు వాటిని అక్కడ భద్రపరచి పోయారు. రాజసమాధి మందిరంలోని ఫలకాలు అందరూ చూడాలని నిలబెట్టబడ్డాయి. ఈ పుస్తకాలు ఎవరికీ కనబడకూడదని దాచబడ్డాయి. ఆ ప్రజల హృదయాలలో ఏమున్నదో తెలుసుకోగోరే చరిత్ర విద్యార్థి రెండవదాని సాక్ష్యాన్నే ముందుగా వినవలసి ఉంటుంది.